ఛాంపియన్ తోలితే గెలిచే బండి, ఇంకొకడు తోలితే ఎందుకు పడేస్తుంది? డుకాటీ, హోండా, నా బండి

ఈ ఎపిసోడ్ చాలా లేటయింది, కారణం ముందే చెప్పేస్తా. మా చిన్నాయన కొడుకు నా బండి తీసుకుని చక్రాయపేట నుంచి వేంపల్లెకు పోతా గండి దగ్గర మలుపులో పడినాడు. హెల్మెట్ ఉంది కాబట్టి తలకేం కాలేదు. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర ఎముక చిట్లింది, ఆరు వారాలు పిండికట్టు అన్నారు. వాడికి అప్పుడే డిగ్రీ పరీక్షలు. రాసేది కుడి చేత్తో కాబట్టి సరిపోయింది.

ఇంట్లో అందరూ వాణ్ణే తిట్టినారు. నేనైతే అందరికంటే ఎక్కువ తిట్టినా. "అదే బండి, అదే రోడ్డు, రెండేండ్లుగా నేను రోజూ పోతాండా కదరా, నాకెందుకు కాలేదు?" అన్నా. స్పీడు యాభై కూడా లేదంటాడు, నేను నమ్మలేదు. వాడు తల కిందికేసుకుని ఒకటే మాట అన్నాడు. "అన్నా, మలుపులో బండి నా మాట ఇన్లేదు. నేను లోపలికి తిప్పుతాంటే అది బయటికి పోతాంది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ మాట నేను ఇంతకుముందు విన్నా. సరిగ్గా అదే మాటని ప్రపంచంలోనే పెద్ద రైడర్ ఒకాయన రెండేండ్లు చెప్పి చెప్పి అలసిపోయినాడు. ఆయన పేరు వాలెంటీనో రోసీ. ఈరోజు కథ అదే. నా బండిలో ఏం దొరికిందో కూడా చెప్తా, కానీ ముందు రోసీది వినండి, లేకపోతే నాది అర్థం కాదు.

రోసీ 2011లో డుకాటీ టీమ్‌కి వచ్చినాడు. అప్పటికి అన్ని క్లాసులూ కలిపి 9 ప్రపంచ టైటిళ్లు, అందులో 7 పెద్ద క్లాసులో గెలిచినవి. ఆయనా ఇటలీ, డుకాటీ కూడా ఇటలీ. వాళ్ల దేశంలో పండగే అనుకోండి. మరి ఏమైంది? 2011లో ఏడో స్థానం. 2012లో ఆరో స్థానం. రెండేండ్లలో ఒక్క రేసు కూడా గెలవలేదు. మూడంటే మూడు పోడియాలు, రెండు లెమాన్‌లో, ఒకటి మిసానోలో. అంతే.

ఇక్కడ అసలు ఇబ్బంది ఏందంటే, ఆయనకు ముందు అదే డుకాటీ మీద కేసీ స్టోనర్ ఉన్నాడు. ఆస్ట్రేలియా పిల్లోడు. 2007లో 10 రేసులు గెలిచి డుకాటీకి మొట్టమొదటి మోటోజీపీ టైటిల్ తెచ్చినాడు. 2007 నుంచి 2010 వరకు నాలుగేండ్లలో 23 రేసులు గెలిచినాడు. మరి జనం ఏమంటారు? స్టోనర్ గెలిచిన బండి మీద రోసీ గెలవలేకపోతే, తప్పు రోసీదే కదా. వయసైపోయింది అన్నారు, భయపడుతున్నాడు అన్నారు. మన భాషలో చెప్పాలంటే, ఆడలేక మద్దెల ఓడు అన్నారు.

2011 ఏప్రిల్‌లో స్పెయిన్‌లోని హెరెస్‌లో వాన పడుతున్న రేసు. స్టోనర్ అప్పటికే హోండాకి మారిపోయినాడు. రోసీ ఆయన్ని దాటబోయి లోపలికి దూరినాడు, ముందు చక్రం జారింది, పడుతూ పడుతూ స్టోనర్‌ని కూడా పడేసినాడు. రేసు అయినాక సారీ చెప్పడానికి పోతే, నీ ఆశ నీ టాలెంట్‌ని మించిపోయింది అని మొహమ్మీదే అనేసినాడు స్టోనర్. ఆ వీడియో ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. కోపంలో అన్నది, పోనీలే. కానీ జనం తీర్పు కూడా అదే కాబట్టి ఆ మాట అట్లే అతుక్కుపోయింది.

ఇప్పుడు మీరు ఒక పని చేయండి. స్టోనర్‌ని పక్కన పెట్టి, అదే టీమ్‌లో ఆయన పక్క బండి ఎక్కినవాళ్లని చూడండి. 2007లో లోరిస్ కాపిరోసీ, ఏడో స్థానం. 2008లో మార్కో మెలాండ్రి వచ్చినాడు. 2005లో ప్రపంచంలో రెండో స్థానంలో నిలిచిన మనిషి ఆయన. డుకాటీ మీద 17వ స్థానం! మధ్యలో ఏమన్నా బండి తోలడం మర్చిపోయినాడా? 2009లో నిక్కీ హేడెన్, 2006 ప్రపంచ ఛాంపియన్. ఆయనకు 13వ స్థానం. అంటే నాలుగేండ్ల నుంచి సాక్ష్యం కళ్ల ముందే ఉంది. ఆ బండి మీద దాదాపు ఒక్కడే గెలుస్తున్నాడు, మిగతా వాళ్లు మునిగిపోతున్నారు. కానీ ఆ ఒక్కడు గెలుస్తున్నంత కాలం ఫ్యాక్టరీలో ఎవరికీ నిద్ర చెడలేదు. మిగతా వాళ్లు సరిగ్గా తోలడం లేదు అనుకున్నారు.

మద్దెల నిజంగానే ఓడుది. స్టోనర్ ఆ ఓటి మద్దెలతోనే కచేరీ చేసినాడు, అంతే తేడా.

సరే, ఓడు ఎక్కడ? ఇది కొంచెం నిదానంగా చెప్తా, ఎందుకంటే హ్యాండ్లింగ్ అనే మాట అందరూ వాడతారు, ఎవరూ విప్పి చెప్పరు. మన దగ్గర షోరూమ్‌లో కూడా "హ్యాండ్లింగ్ సూపర్ బ్రో" అంటారు, ఏంది సూపర్ అంటే మైలేజీ గురించి మొదలుపెడతారు.

మలుపుని ముక్కలు చేసి చూడండి. మొదట బ్రేక్ కొడతారు. బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, టైరు నేలకి అదుముకుంటుంది, పట్టు బాగుంటుంది. తర్వాత బ్రేక్ మెల్లగా వదుల్తూ బండిని వంచుతారు. తర్వాత మలుపు నడుమ, అంటే బ్రేక్ వదిలేసినారు, గ్యాస్ ఇంకా ఇవ్వలేదు. ఈ నడుమ భాగమే ప్రాణం తీసేది. ముందు చక్రం మీద బ్రేక్ బరువు తగ్గిపోయింది, టైరు నేలని అరచెయ్యంత చోట్ల మాత్రమే పట్టుకుని ఉంది, బండి పూర్తిగా వంగి ఉంది. ఆ టైమ్‌లో ముందు చక్రం ఏం చేస్తోందో రైడర్‌కి చేతుల్లో తెలియాలి. దాన్నే వాళ్లు ఫీల్ అంటారు. తెలియకపోతే రెండే దారులు. నెమ్మదిగా పోవడం, లేదా పడటం. ఇంక ముందు చక్రం తిప్పిన గీత పట్టకుండా మలుపు బయటికి జరుగుతూ పోతే దాన్ని అండర్‌స్టీర్ అంటారు. మా తమ్ముడు చెప్పిందీ అదే, లోపలికి తిప్పితే బయటికి పోవడం.

ఫీల్ అంటే ఏందో అనుభవంతో చెప్తా. తడి గెనెం మీద వట్టి కాళ్లతో నడిచినారా ఎప్పుడైనా? మడమ కొంచెం జారబోతుందనగానే వేళ్లు బిగుస్తాయి, మనం ఆలోచించే లోపలే కాలు సర్దుకుంటుంది. అదే గెనెం మీద మందపాటి గమ్‌బూట్లు వేసుకుని నడవండి. జారే దాకా జారుతున్నట్టు తెలీదు. తెలిసేటప్పటికి మడిలో ఉంటాం. రోసీకి డుకాటీ ముందు చక్రం గమ్‌బూటు మాదిరి ఉండింది.

ఎందుకట్లా? ఒక కారణం ఫ్రేము. 2008 వరకు డుకాటీ ఉక్కు పైపులతో అల్లిన ఫ్రేము వాడేది. 2009లో కార్బన్ ఫైబర్‌కి మారింది. ఇంక ఫ్రేము అనేదే లేదన్నట్టు. ఇంజనే బండికి వెన్నెముక, దాని ముందు ఒక చిన్న కార్బన్ పెట్టె, ఆ పెట్టెకి హ్యాండిల్. తేలిక, గట్టి. వినడానికి అద్భుతం. కానీ రేసు బండికి మరీ గట్టిదనం శాపం అని చాలామందికి తెలీదు.

బండి నిలువుగా పోతున్నప్పుడు గుంత వస్తే దెబ్బ కింది నుంచి పైకి వస్తుంది. షాకప్పులు పైకీ కిందికీ ఆడి దాన్ని మింగేస్తాయి. మోటోజీపీ బండి మలుపులో 60 డిగ్రీలకు పైగా వంగుతుంది, అంటే దాదాపు పడుకుని ఉంటుంది. ఇప్పుడు రోడ్డు మీద చిన్న గతుకు వచ్చినా దెబ్బ బండికి పక్క నుంచి తగులుతుంది. షాకప్పుకి పక్కకి ఆడే దారి లేదు కదా! మరి ఆ దెబ్బ ఎవరు మింగాలి? ఫ్రేము, ఫోర్కులు, స్వింగ్ ఆర్మ్ కొంచెం కొంచెం పక్కకి వంగి మింగాలి. అదే సమయంలో బ్రేక్ కొట్టినప్పుడు మాత్రం ముందుకీ వెనక్కీ వంగకూడదు. ఒక వైపు బిగుతు, ఇంకో వైపు మెత్తదనం. కావడి బద్ద చూసినారా? మనిషి నడుస్తుంటే బద్ద రెండు కొసల దగ్గర ఊగుతుంది, అందుకే కుండలో నీళ్లు తొణకవు. ఇనుప కడ్డీకి కుండలు కట్టి నడవండి, సగం నీళ్లు దారిలోనే పోతాయి, భుజం కూడా పోతుంది. వంగాల్సిన చోట ఫ్రేము వంగకపోతే టైరు నేల మీద గంతులేస్తుంది, సెకనుకు ఇరవై సార్లు దాకా. దాన్ని చాటర్ అంటారు.

ఇంకో కారణం ఇంజన్. డుకాటీ ఇంజన్‌లో నాలుగు సిలిండర్లు, రెండు ముందుకి, రెండు పైకి, మధ్యలో 90 డిగ్రీలు. ముందు సిలిండర్లు దాదాపు పడుకుని ఉంటాయి కాబట్టి ఇంజన్ పొడుగు. చిన్న గదిలో పెద్ద ట్రంకు పెట్టె పెట్టినట్టు. ముందుకు జరపాలంటే ముందు చక్రం అడ్డం, వెనక్కి పోతే ముందు బరువు చాలదు. పైగా 2009 నుంచి అందరికీ ఒకే కంపెనీ టైర్లు, బ్రిడ్జ్‌స్టోన్. అంతకుముందు డుకాటీ, బ్రిడ్జ్‌స్టోన్ కలిసి పనిచేసేవి, బండికి తగ్గట్టు టైరు వచ్చేది. రూల్ మారినాక టైరుకి తగ్గట్టు బండి మారాలి. మారలేదు.

మరి స్టోనర్ ఎట్ల గెలిచినాడు? ఆ బండి ముందు టైరు గట్టిగా తొక్కితేనే వేడెక్కేది, వేడెక్కితేనే పట్టు ఇచ్చేది. ఆయన మొదటి ల్యాపు నుంచే భయం లేకుండా తొక్కేవాడు. మలుపు నడుమ ముందు చక్రం తిరగకపోతే, గ్యాస్ తొందరగా తెరిచి వెనక చక్రంతో బండిని తిప్పేవాడు. అంటే బండి చెయ్యని పని మనిషి చేసినాడు. కానీ ఆ కథ ఆయనకూ పూర్తిగా సుఖంగా లేదు. 2010 ఖతార్‌లో ముందు పోతూ ముందు చక్రం జారి పడిపోయినాడు. ఆ ఏడాది చివర హోండాకి వెళ్లిపోయి, 2011లోనే మళ్లీ 10 రేసులు గెలిచి ఛాంపియన్ అయినాడు.

రోసీ ఉన్న రెండేండ్లలో డుకాటీ వాళ్లు కష్టపడలేదని కాదు. పాపం, విపరీతంగా కష్టపడినారు. 2011 మధ్యలో, అసెన్ దగ్గర, వచ్చే ఏడాది బండి ఆధారంగా చేసిన కొత్త బండి తెచ్చినారు. తర్వాత కార్బన్ పెట్టె తీసి అల్యూమినియం పెట్టినారు. అప్పటి రూలు ప్రకారం రైడర్‌కి ఏడాదికి 6 ఇంజన్లే. ఏడోది వాడినందుకు అరగాన్‌లో రోసీ పిట్ లేన్ నుంచి స్టార్ట్ కావాల్సి వచ్చింది. 2012కి జపాన్ బండ్ల మాదిరి పూర్తి అల్యూమినియం ఫ్రేమే కట్టేసినారు. ఒక్కొక్క మార్పు వచ్చినప్పుడల్లా రెండు రోజులు ఆశ, మూడో రోజు మళ్లీ అదే మాట. మలుపు నడుమ తిరగడం లేదు.

నాకు దీంట్లో నచ్చిన విషయం, బాధ కలిగించే విషయం రెండూ ఒకటే. ఫ్రేము మార్చడం సులభం కాబట్టి ఫ్రేము మార్చినారు. ఇంజన్ కూర్చునే తీరు మార్చడమంటే బండి మొత్తం మళ్లీ పుట్టించడం. మనం కూడా అంతే కదా, బండి ఆడుతోందంటే ముందు టైర్లో గాలి కొట్టించి చూస్తాం.

రోసీ 2013లో యమహాకి తిరిగిపోయినాడు. ఆ ఏడాది అసెన్‌లో రేసు గెలిచినాడు. అయిపోయినాడన్న మనిషి! అదే ఏడాది డుకాటీకి ఒక్క పోడియం కూడా రాలేదు. అప్పటికే కంపెనీని 2012లో ఆడీ కొనేసింది. 2013 చివర్లో అప్రిలియా నుంచి జీజీ డాలిన్యా అనే ఇంజనీర్‌ని తెచ్చుకున్నారు. గడ్డం పెట్టుకుని గ్యారేజీలో ఎప్పుడూ తీక్షణంగా చూస్తుంటాడే, ఆయనే. రాగానే కొత్త బండి తెస్తాడనుకున్నారు. తేలేదు. 2014 అంతా ఉన్న బండినే సర్దుకుంటూ, అది ఎందుకు తిరగడం లేదో చదివినాడు. 2015కి మొత్తం కొత్త బండి తెచ్చినాడు, ఇంజన్‌ని తిప్పి, కుదించి కూర్చోబెట్టినాడు. మొదటి రేసు ఖతార్‌లో డుకాటీలు రెండు, మూడు స్థానాల్లో వచ్చినాయి. మొదటి స్థానం ఎవరిదనుకున్నారు? యమహా మీద రోసీది.

అయినా గెలుపుకి ఇంకో ఏడాది పట్టింది. 2016 ఆగస్టులో ఆస్ట్రియాలో ఆండ్రియా యానోనే గెలిచినాడు. అది 2010 చివర్లో స్టోనర్ గెలిచినాక డుకాటీకి మొదటి గెలుపు. తర్వాత 2017లో డొవిజియోసో 6 రేసులు గెలిచినా, మలుపు నడుమ ఇంకా సరిగ్గా తిరగడం లేదనే మాట ఆయన నోటి నుంచి పోలేదు. రైడర్ టైటిల్ మళ్లీ వచ్చింది 2022లో, ఫ్రాన్సెస్కో బాన్యాయాతో. 2007 నుంచి లెక్కేసుకోండి, 15 ఏండ్లు.

హోండా కథ దీనికి తమ్ముడు, కానీ తిరగబడిన తమ్ముడు. అక్కడ మార్క్ మార్కెజ్ 2013 నుంచి 2019 మధ్య 6 టైటిళ్లు గెలిచినాడు. 2019లో 12 గెలుపులు, 420 పాయింట్లు. అదే గ్యారేజీలో పక్క బండి మీద హోర్హే లోరెంజో, మూడుసార్లు మోటోజీపీ ఛాంపియన్. ఆయనకు 28 పాయింట్లు, 19వ స్థానం. నడుమ వెన్నుపూసకి దెబ్బ తగిలి కొన్ని రేసులు పోయినాయి, అది ఒప్పుకోవాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా ఆయన మొదటి పది మందిలోకే రాలేకపోయినాడు. మెలాండ్రి గుర్తొచ్చినాడా?

2020 జూలై 19, హెరెస్. మార్కెజ్ పడినాడు, కుడి చెయ్యి పైఎముక విరిగింది. ఆ చేతికి మొత్తం నాలుగు ఆపరేషన్లు. ఆయన లేని ఆ సీజన్‌లో హోండా ఒక్క రేసూ గెలవలేదు. ఒక్క మనిషి చెయ్యి విరిగితే బండి లోపాలన్నీ బయటపడినాయి. అంతకాలం ఆ చెయ్యే వాటిని కప్పిపెట్టింది. ఆ బండి ముందు చక్రం మీదే బతికేది, లేటుగా బ్రేక్ కొట్టి తిప్పే బండి. అదే ఏడాది మిషెలిన్ కంపెనీ వెనక టైరు మార్చింది, పట్టు పెరిగింది. వెనక పట్టు పెరిగితే మంచిదే కదా అనుకుంటాం. కానీ వెనక చక్రం గట్టిగా పట్టి తోస్తే ముందు చక్రం మలుపు బయటికి పోతుంది. హోండాకి సరిగ్గా అక్కడే తగిలింది.

2022కి హోండా మొత్తం కొత్త బండి కట్టింది, బరువు వెనక్కి జరిపి. వెనక పట్టు దొరికింది, ముందు ఫీల్ పోయింది. జర్మనీలో సాక్సెన్‌రింగ్ రేసులో హోండాలు ఒక్క పాయింటు కూడా తెచ్చుకోలేకపోయినాయి. 1982 తర్వాత అట్లా జరగడం అదే మొదలు. జర్మనీ కంపెనీ కాలెక్స్ చేత స్వింగ్ ఆర్మ్ చేయించుకున్నారు, తర్వాత ఫ్రేము కూడా. హోండా అంత పెద్ద కంపెనీ బయటివాళ్లతో ఫ్రేము చేయించుకోవడమంటే, మన ఊరి పెద్ద ఆసామి పక్కింట్లో ఎద్దులు అడుక్కోవడమే.

2023లో అదే సాక్సెన్‌రింగ్‌కి మార్కెజ్ వచ్చినాడు. మోటోజీపీలో ఆయన 8 సార్లు గెలిచిన ట్రాక్ అది, సొంత ఇల్లు లాంటిది. ఆ వారాంతం ఐదుసార్లు పడినాడు. ఆదివారం పొద్దున చివరిసారి పడినప్పుడు బొటనవేలు చిట్లింది, రేసుకి దిగలేదు. నాకు తెలిసి ఆయన మనసు హోండా నుంచి విరిగింది అక్కడే. ఇది నా అభిప్రాయం, ఆయన చెప్పింది కాదు.

ఆ సెప్టెంబరులో మన దేశానికి మోటోజీపీ వచ్చింది, గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌కి. శనివారం చిన్న రేసులో మార్కెజ్ ఆ హోండాతోనే మూడో స్థానం తెచ్చినాడు. ఆదివారం మెయిన్ రేసులో పడి, లేచి, తొమ్మిదో స్థానం. ఒక్క వారాంతంలో మొత్తం కథ కనపడిపోయింది, ఆ మనిషి ఏంది, ఆ బండి ఏంది అని. తర్వాతి నెలలోనే హోండా వదిలి గ్రెసీనీ అనే చిన్న టీమ్‌కి పోతున్నట్టు చెప్పినాడు. అక్కడ ఉన్నది ఒక ఏడాది పాత డుకాటీ. దాని మీద 2024లో మూడు రేసులు గెలిచినాడు. 2025లో డుకాటీ సొంత టీమ్‌లో ఛాంపియన్ అయినాడు, అదీ జపాన్‌లోని మోటెగిలో, హోండా వాళ్ల సొంత ట్రాక్ మీద.

సరే, నా బండి దగ్గరికి వస్తా.

మా తమ్ముడు పడిన మూడో రోజు బండిని మా మెకానిక్ మామ షెడ్డుకి తీసుకుపోయినా. వంగిన హ్యాండిల్, విరిగిన ఇండికేటర్ మార్చమన్నా, అంతే. ఆయన మెయిన్ స్టాండ్ వేసి నన్ను వెనక సీటు మీద కూర్చోమన్నాడు, ముందు చక్రం గాల్లోకి లేచింది. హ్యాండిల్‌ని వేలితో మెల్లగా తిప్పినాడు. నున్నగా తిరగాల్సింది, నడిమికి రాగానే టక్కుమని గాట్లో కూర్చుంది. మళ్లీ తిప్పినాడు, మళ్లీ టక్కు.

"ఎన్నాళ్ల నుంచి ఇట్ల తోల్తాండావు అల్లుడూ?" అన్నాడు.

కోన్ సెట్ పోయింది. హ్యాండిల్ తిరిగే చోట లోపల గుండ్లుంటాయి కదా, గతుకుల రోడ్ల మీద తిన్నగా పోయి పోయి ఆ గుండ్లు ఒకే చోట కొట్టుకుని గాట్లు పెట్టేస్తాయి. అప్పుడు హ్యాండిల్ తిన్నగా ఉండే చోటే అతుక్కుంటుంది. మలుపులో బండి వంగినప్పుడు ముందు చక్రం తనంతట తాను కొంచెం కొంచెం సర్దుకుంటూ పోవాలి, ఆ గాటు దాన్ని సర్దుకోనివ్వదు. బండి బయటికి పోతుంది. అది కాకుండా వెనక టైరు నడుమంతా చదునుగా అరిగిపోయి ఉంది. గుండ్రంగా ఉండాల్సిన టైరు పలక మాదిరి అయితే, బండి మొదట వంగనంటుంది, అంచు దాటినాక ఒక్కసారిగా వంగుతుంది.

నాకు రోషం వచ్చింది. "మామా, నేను రోజూ తోల్తాండా, నాకేం తెలీలేదే" అన్నా. ఆయన నవ్వి, తన బండి తాళం ఇచ్చి ఒక రౌండు కొట్టి రమ్మన్నాడు. షెడ్డు దాటినాక మొదటి మలుపులోనే బండి లోపలికి పడిపోయినంత పనైంది నాకు. నేను తిప్పాల్సిన దానికంటే ఎక్కువ తిప్పినా! అప్పుడు అర్థమైంది. రెండేండ్లలో నా చేతులు, నా నడుము ఆ పాడైన బండికి అలవాటు పడిపోయినాయి. గండి మలుపుకి చాలా ముందే గ్యాస్ వదిలేస్తున్నా, ఒళ్లంతా లోపలికి వేస్తున్నా, హ్యాండిల్‌ని ఎక్కువ తోస్తున్నా. ఒక్కటి కూడా నేను అనుకుని చేసింది కాదు. మా తమ్ముడికి ఇవేవీ తెలీవు. బాగున్న బండిని తోలినట్టు తోలినాడు, ఎందుకంటే అది బాగుందని చెప్పి తాళం ఇచ్చింది నేనే.

మీరు కూడా ఈ వారం ఒకసారి చూసుకోండి, ఐదు నిమిషాల పని. ముందు చక్రం లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పండి, నడుమ ఎక్కడన్నా తగులుతోందా. ఫోర్కులు కింది వైపు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి, లూజు ఉంటే చేతికి తెలుస్తుంది. వెనక చక్రాన్ని పక్కలకి ఊపండి, ఆడితే స్వింగ్ ఆర్మ్ బుష్‌ గానీ, చక్రం బేరింగ్ గానీ పోయినట్టు. టైరుని వెనక నుంచి కూర్చుని చూడండి, గుండ్రంగా ఉందా పలకగా ఉందా. ఇంకొకటి, నాకు ఎక్కువ పనికొచ్చింది ఇదే. మీ బండిని ఎప్పుడూ తోలనివాణ్ణి ఒకణ్ణి, నిదానంగా తోలేవాణ్ణి, ఖాళీ రోడ్డు మీద ఒక రౌండు కొట్టమని చెప్పండి. వాడు ఏమంటే అది వినండి. "నీకు తోలడం రాదు" అనకండి.

ఎందుకు చెప్తున్నానంటే, అంత పెద్ద డుకాటీకే అది కష్టమైంది. 2025లో మార్కెజ్ టైటిల్ కొట్టిన అదే గ్యారేజీలో పక్కన బాన్యాయా ఉన్నాడు. 2022, 2023 ఛాంపియన్. మన వాళ్లకి ఇంకో సంగతి కూడా, ఈయన 2016లో అసెన్‌లో గెలిచి మన మహీంద్రాకి మోటో3లో మొదటి గెలుపు తెచ్చినాడు. అట్లాంటి రైడర్ ఆ సీజన్‌లో రెండు రేసులే గెలిచినాడు, ఐదో స్థానంలో ముగించినాడు. ఏడాది పొడుగునా ఆయన చెప్పిన మాట ఒకటే, ముందు చక్రం ఫీల్ తెలియడం లేదని. పక్క బండి మీద మార్కెజ్ 11 రేసులు గెలిచినాడు. జనం ఏమన్నారో చెప్పక్కర్లేదు కదా, మళ్లీ మద్దెల సామెతే.

కోన్ సెట్, వెనక టైరు రెండూ కొత్తవి వేయించినా. బండి షెడ్డులోనే ఉంది, నేను ఇంకా తోల్లేదు. మా తమ్ముడికి కట్టు ఈ నెలాఖరుకి విప్పుతారు. డాక్టర్ సరే అన్నాక, చెయ్యి బాగా ఆడినాక, మొదటి రౌండు వాడే కొడతాడు. ఎట్లుందో వాడు చెప్పినాకనే నేను ఎక్కుతా.